రాయలేడా, రాదా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. నెలలు నిండకముందే పుట్టాడు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేకపోవడం) అన్నారు. గోడ పట్టుకుని నడుస్తాడు, మాట ముద్దగా వస్తుంది. మనం చెప్పేవి మాత్రం అన్నీ అర్థమవుతాయి. ఊళ్లో బడికి పంపుతుంటే, ‘పలక మీద ఒక్క అక్షరం పెట్టడం లేదు, స్పెషల్ స్కూల్లో వేయండి’ అంటున్నారు. అదేమో హైదరాబాద్‌లో ఉంది, హాస్టల్లో వదలాలి. ఏం చేయమంటారు?
– ఓ తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: అక్షరం రాకపోవడం వేరమ్మా, అక్షరం రాయలేకపోవడం వేరు. మీ బాబుది ఏదో ముందు తేల్చుకోవాలి. నాలుగు అట్టముక్కల మీద నాలుగు అక్షరాలు పెద్దవిగా రాసి ముందుంచండి. ‘క ఏది?’ అని అడిగి, చెయ్యి చాపకపోయినా చూపు ఎటు వెళ్తుందో గమనించండి. పెన్సిల్ పట్టలేని పిల్లాడికి రాత పరీక్ష పెడితే తెలిసేది చేతి సంగతే. ఐక్యూ (తెలివితేటల) పరీక్షలో వచ్చే అంకెల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

నెలలు నిండకుండా పుట్టి ఈ సమస్య వచ్చిన పిల్లల్లో కొందరికి కన్ను బాగానే ఉన్నా, చూసినదాన్ని మెదడు సరిగా పోల్చుకోలేదు. విడిగా ఉన్న అక్షరాన్ని గుర్తుపడతారు, కిక్కిరిసిన పేజీ చూస్తే తికమకపడతారు. అందుకే కంటి పరీక్ష, వినికిడి పరీక్ష వెంటనే చేయించండి. మధ్యమధ్యలో పిలిచినా పలకకుండా చూస్తూ ఉండిపోతుంటే అది ఫిట్స్ కావచ్చు, డాక్టరుకు చెప్పండి.

ఇక కూర్చోవడం. కాళ్లు బిగుసుకున్న పిల్లాడికి నేల మీద బాసింపట్టు వేసుకోవడమే పెద్ద పని. పడిపోకుండా ఆపుకోవడానికే ఓపికంతా అయిపోతే రాతకు ఇంకేం మిగులుతుంది? పాదాలు పూర్తిగా ఆనేంత ఎత్తు కుర్చీ, మోచేతులు ఆనేంత ఎత్తులో పొట్ట దగ్గర అర్ధచంద్రాకారంగా కోసిన బల్ల చేయించండి. మీ ఊరి వడ్రంగి చాలు. చాలామంది పిల్లల్లో మందుల కంటే ఇదే ఎక్కువ మార్పు తేవడం చూశాను.

ఏ బడి అన్నది బడివాళ్లు తేల్చేది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు చదువు ఉచితం. దగ్గరి బడా, స్పెషల్ స్కూలా అన్నది మీ ఇష్టం. వైకల్య శాతం తెలిపే సర్టిఫికెట్ లేకపోతే ముందు ఆ పని చూడండి. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం మండలంలో నడిపే భవిత కేంద్రంలో ప్రత్యేక టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపీ కూడా చేస్తారు. అన్నిచోట్లా ఒకే తీరుగా నడుస్తాయని చెప్పను. వెళ్లి చూడండి, అడగండి.

స్పెషల్ స్కూల్ చెడ్డదని కాదు. బ్రెయిలీ, సైగల భాష నేర్వాల్సిన పిల్లలకు అది నిజంగా మేలు చేస్తుంది. మీరు రాసిన దాన్నిబట్టి బాబును ఇప్పుడే ఇంటికి దూరం చేసే అవసరం నాకు కనిపించడం లేదు. అనుమానం తీరకపోతే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ (NIEPID)లో ఒకసారి పరీక్ష చేయించి, వాళ్ల నివేదికతో ఊరి బడికే తిరిగి రండి. అప్పటిదాకా నోటితో, చూపుతో, వేలితో ఏ జవాబు చెప్పినా లెక్కలోకి తీసుకోమని టీచరును అడగండి.

మీరు అడగలేదు గానీ, తుంటి ఎక్స్‌రే తీయించి ఎన్నాళ్లయింది? ఈ పిల్లల్లో కొందరికి తుంటి కీలు నొప్పి తెలియకుండానే మెల్లగా జారుతుంది. ఏడాదికోసారైనా ఎముకల డాక్టరుకు చూపించండి.