జొన్నతో తీపి పాకం, ఇంట్లో బీరు ఎలా చేస్తారు?

జొన్నను తీపికీ, ఇంట్లో చేసే మద్యానికీ ఎలా వాడతారన్నది ప్రశ్న. తీపి వచ్చేది గింజ నుంచి కాదు, తీపి జొన్న రకాల కాండం నుంచి. ఆ రసాన్ని తెట్టు తీస్తూ మరిగిస్తే సుమారు 10 లీటర్లకు ఒక లీటరు పాకం వస్తుంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఎక్కువ కాబట్టి అది పంచదారలా తేలిగ్గా పలుకు కట్టదు.

ఆ పాకాన్ని నీళ్లలో కలిపి ఈస్ట్ వేస్తే పులుస్తుంది. మామూలు బీరు చేసే బార్లీలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడనివాళ్లు బీరు చేసుకోవడానికి నాకు తెలిసి ఇదే సులువైన దారి. గింజతో చేయాలంటే ముందు మొలకెత్తించాలి, పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు అప్పుడే పెరుగుతాయి. ఇక్కడ మాత్రం చాలా జాగ్రత్త: జొన్న మొలకల్లో ఉండే ధురిన్ అనే పదార్థం నుంచి సయనైడ్ విషం విడుదలవుతుంది. గింజల్ని బాగా ఎండబెట్టి, నలిపి, మొలకలూ వేర్లూ పూర్తిగా తీసేశాకే వాడండి.