మా బాబాయి లాయరాఫీసుకి వెబ్‌సైట్ చేయిద్దామనుకుంటున్నాం, ఏమేం పెట్టించాలి?

అమలాపురంలో మీ బాబాయి గారి ఆఫీసుకి ఒక కంపెనీ వాళ్లు గెలిచిన కేసుల లెక్క, క్లయింట్ల పొగడ్తలు, 'మొదటి సలహా ఉచితం' అన్న బోర్డు అన్నీ కలిపి ప్యాకేజీ చెప్పారు, తీసుకోవచ్చా అని కదా మీ ప్రశ్న. వద్దండీ. డబ్బు సంగతి తర్వాత, ముందు ఆయన సన్నదు (వకీలుగా పనిచేసే అనుమతి) మీదకి తెచ్చుకోవడం ఎందుకు?

నేను భీమవరంలో వెబ్‌సైట్లు చేస్తాను, తణుకు నుంచి రాజోలు దాకా కొందరు లాయర్లకి చేసిపెట్టాను. లాయర్ల వృత్తి నియమాలు చూసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 36 ప్రకారం లాయరు ప్రకటన ఇచ్చుకోకూడదు. 2008లో సవరించి వెబ్‌సైట్‌కి దారి ఇచ్చారు కానీ అందులో పెట్టాల్సినవి వాళ్లే రాసిచ్చారు: పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, తేదీ, ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్, ఏ బార్ అసోసియేషన్, చదువు, ఏ రకం కేసులు చూస్తారు, ఇవన్నీ నిజమేనని ఒక డిక్లరేషన్. అదీ బార్ కౌన్సిల్‌కి తెలియజేసి, వాళ్ల ఆమోదంతో. అంతకు మించితే అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 దాకా, అంటే దుష్ప్రవర్తన కింద చర్యల దాకా వెళ్తుంది. 'నేను ఒప్పుకుంటున్నాను' నొక్కితేనే లోపలికి పంపే డిస్‌క్లెయిమర్‌ని మా డిజైనర్లు రక్షరేకులా చూస్తారు గానీ, లోపల పొగడ్తలు పెట్టుకుని అది కట్టుకుంటే లాభం లేదు.

అంత తక్కువ సమాచారంతో సైటు ఎందుకు అంటారా? మన వైపు గూగుల్‌లో వెతికి లాయర్ని పెట్టుకునేవాళ్లు తక్కువ. ఊళ్లో ఎవరో పేరు చెప్తారు, ఆ తర్వాత ఫోన్‌లో చూసుకుంటారు. కువైట్‌లో పనిచేసే ఆవిడకి ఇక్కడ అన్నదమ్ములు కొబ్బరితోట పంచుకుంటున్నారని తెలిసిందనుకోండి, రాత్రి పని ముగించుకుని ఆ పేరు కొట్టి చూస్తుంది. ఆవిడకి కావల్సింది ఈ లాయరు నిజంగా ఉన్నాడా, ఎక్కడ కూర్చుంటాడు, ఏ నంబరుకి చెయ్యాలి, అంతే. అందుకే నంబరు నొక్కగానే ఫోన్ వెళ్లాలి, బొమ్మలో అచ్చేసిన నంబరు ఎందుకూ పనికిరాదు. మ్యాప్‌లో గుర్తు మీరే నిలబడి పెట్టించండి. మా క్లయింటు ఒకాయన ఆఫీసుకి గుర్తు కాలవకి అవతలి గట్టున పడింది, వచ్చినవాళ్లు మళ్లీ వంతెన దాకా నడిచి చుట్టూ తిరిగి రావాల్సి వచ్చేది.

తెలుగు పేజీ తప్పకుండా ఉండాలి. గుమాస్తా గారు ఇచ్చే మేటర్ సాధారణంగా డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించింది ఉంటుంది, దాన్ని అలాగే అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, ఫొటో తీసి పెడితే గూగుల్‌కి దొరకదు. ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోకి మార్పించి, 'ఱ'లు, ఒత్తులు ఒకసారి కూర్చుని దిద్దండి.

కాంటాక్ట్ ఫారంలో 'మీ సమస్య వివరంగా రాయండి' అన్న పెట్టె మాత్రం తీయించేయండి. భాగపంపకం దావాల్లో అన్న, తమ్ముడు ఇద్దరూ ఒకే ప్లీడరు దగ్గరికి వస్తుంటారు. తమ్ముడి కేసు తీసుకున్నాక అన్న రాసిన రహస్యాలు మీ మెయిల్‌లో పడి ఉంటే ఎంత టెన్షనో ఆలోచించండి. పేరు, ఫోన్, ఏ కోర్టు, ఎదుటి పార్టీ ఎవరు, ఈ నాలుగూ చాలు.

మిగతా సాయమంతా ఫోన్ చేసినవాళ్లకి వాట్సాప్‌లో పంపండి, అసలు పని అక్కడే జరుగుతుంది. భాగపంపకమైతే 1బి, అడంగల్ (భూమి రికార్డులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం), మరణ ధ్రువపత్రం. చెక్ బౌన్సయితే చెక్కు, అది చెల్లలేదని బ్యాంకు ఇచ్చే మెమో, ఆ మెమో అందిన తేదీ (30 రోజుల్లోపు నోటీసు వెళ్లాలి మరి). ఏ కేసుకి ఏ కాగితాలో ఒక పేజీ రాసిపెట్టుకోండి. కేసు పడ్డాక సీఎన్‌ఆర్ నంబరు (ఒక్కో కేసుకి కోర్టు ఇచ్చే ప్రత్యేక నంబరు) పంపితే వాయిదా ఎప్పుడో కోర్టుల ఈకోర్ట్స్ యాప్‌లో వాళ్లే చూసుకుంటారు, గుమాస్తా గారికి రోజూ వచ్చే ఫోన్లు చాలా తగ్గుతాయి.

ఇక డొమైన్ (సైటు అడ్రసు) మాత్రం బాబాయి గారి సొంత ఈమెయిల్‌తో కొనండి, కంపెనీ పేరు మీద వద్దు. రెన్యువల్ అప్పుడు వాళ్లు ఫోన్ ఎత్తకపోతే ఇన్నాళ్లూ విజిటింగ్ కార్డుల మీద వేయించిన అడ్రసు పోయినట్టే.