సందేహాలు – సమాధానాలు: స్లాబ్ సెరిఫ్ తలకట్టు అవుతుందా?

సందేహం: మా అబ్బాయి ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంటు తయారు చేశాడు. దాని పరిచయాన్ని కంప్యూటరు ఇలా తెలుగు చేసింది: ‘ప్రదర్శన ఉపయోగం కోసం ధైర్యమైన పాతకాలపు స్లాబు సెరిఫ్ అక్షరం’. స్లాబు అంటే మనకు ఇంటి కప్పే కదా? సెరిఫ్‌ను తలకట్టు అనవచ్చా?

సమాధానం: తలకట్టు అనకూడదండి. సెరిఫ్ అంటే రోమన్ అక్షరంలో గీత కొసన అడ్డంగా నిలిచే చిన్న అంచు. దాన్ని చెరిపేసినా అక్షరం అదే, పలుకూ అదే. మన తలకట్టు అలా కాదు, అది అకారానికి గుర్తు. ‘క’కు గుడి ఇచ్చి ‘కి’ రాస్తే తలకట్టు పోయి ఆ చోట గుడి కూర్చుంటుంది. జ, ట, ణ, బ, ల వంటి వాటికి విడిగా తలకట్టే కనిపించదు. పైగా తలకట్టు తల మీదే ఉంటుంది, సెరిఫ్ కాళ్ల దగ్గరా ఉంటుంది. రెండింటినీ ఒకే మాటతో పిలిస్తే బడిపిల్లలకు గుణింతం చెప్పేటప్పుడు చిక్కొస్తుంది.

ఇక స్లాబ్ సెరిఫ్. ఈ అంచులు మామూలు సెరిఫ్‌లా సన్నగా ఉండవు, అక్షరం నిలువు గీతంత మందంగా, చాలా వాటిలో చదరంగా ఉంటాయి. మండపంలో స్తంభానికి కిందా పైనా దిమ్మలు పెట్టినట్టు కనిపిస్తాయి. పుస్తకాల్లోని సన్నగీతల అక్షరాలు గోడ మీది ప్రకటనల్లో దూరానికి ఆనేవి కావు. అందుకే లండన్‌లో ఇలాంటి బరువైన అక్షరాలు పుట్టాయి. 1815 ప్రాంతంలో అక్కడి అచ్చక్షరాల తయారీదారు విన్సెంట్ ఫిగ్గిన్స్ వీటిని లోహంతో పోతపోసి అమ్మకానికి పెట్టాడు.

తెలుగులో దీనికి స్థిరపడ్డ పేరు లేదు. ఇంగ్లీషులో స్లాబ్ అంటే మందపాటి చదునైన ముక్క కాబట్టి నాకు ‘పలక’ నచ్చుతుంది. చదునైన రాతిముక్కా పలకే, చెక్కముక్కా పలకే. నాలుగు వైపులా చదునుగా చెక్కినదాన్ని ‘నలుపలకలుగా ఉంది’ అంటాం. పలక, అంచు కలిస్తే అత్వసంధితో ‘పలకంచు’ అవుతుంది, మేన, అత్త కలిసి మేనత్త అయినట్టే. అలవాటయ్యేదాకా మొదటిసారి ‘పలకంచు (స్లాబ్ సెరిఫ్) అక్షరాలు’ అని రాస్తే చాలు. డిజైనర్లు మాటల్లో స్లాబ్ సెరిఫ్ అన్నా తప్పేమీ లేదు. టైపు, ప్రెస్సు మనవి కాలేదా?

‘పాతకాలపు’ కూడా ఇక్కడ సరిపోదు. అది ఆ కాలంలోనే చేసిన వస్తువుకు చెల్లుతుంది. మీ అబ్బాయి చేసింది కొత్తది, ‘పాత బాణీ’లో చేసింది. బోల్డ్ అంటే ఇక్కడ లావు, ధైర్యం కాదు. ‘ప్రదర్శన ఉపయోగం’ బదులు ఎక్కడ వాడతారో ఆ చోటే చెప్పండి. అప్పుడు వాక్యం ఇలా ఉంటుంది: ‘వాల్‌పోస్టర్లకూ పతాక శీర్షికలకూ పనికొచ్చే, పాత బాణీలో లావుగా తీర్చిన పలకంచు అక్షరాలు’.

ఇంకో జాగ్రత్త. ఈ అక్షరాలకు ఇంగ్లీషులో ‘ఈజిప్షియన్’ అనే పేరు కూడా ఉంది. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి దండెత్తిన తర్వాత యూరప్‌లో ఈజిప్టు పేరుకు గొప్ప మోజు ఉండేది. ఆ రోజుల్లో వచ్చిన పేరు ఇది. కంప్యూటరు దాన్ని ‘ఈజిప్టు లిపి’ అని మారిస్తే తప్పకుండా కొట్టేయండి.