మైనింగ్ మిషన్ ఊకె బంద్ అయితుందా? కార్డుల జోలికి పోకముందు ప్లగ్గు చూడండి

ఆరు గ్రాఫిక్స్ కార్డులు పెట్టి క్రిప్టో కాయిన్లు సంపాయించే కంప్యూటర్, అంటే మైనింగ్ మిషన్, రోజుకు రెండు మూడు సార్లు చెప్పాపెట్టకుండ బంద్ అయితున్నది, కార్డు పోయిందా, విండోస్ మళ్ల వెయ్యాల్నా అని మీరు అడిగిన్రు. చానా మటుకు కార్డు పోయి ఉండదు. కార్డు పోతే ఎక్కువ స్క్రీన్ బిగుసుకపోతది, లేకపోతే ఆ ఒక్క కార్డు లిస్టుల నుంచి మాయమైతది, మిగిలిన ఐదు నడుస్తనే ఉంటయ్. దీపం ఆర్పినట్టు మొత్తం మిషన్ ఆరిందంటే అది చానా మటుకు కరెంటు వచ్చే తొవ్వల ఉన్న రోగమే. నేను నెలన్నర పడ్డ కష్టం మీరు పడొద్దని ఇంత పొడుగు రాస్తున్న.

మాది నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయే తొవ్వల, తిప్పర్తి మండలంల ఒక పల్లె. 2021 ఫిబ్రవరిల మిషన్ పెట్టిన. ఎనిమిది జీబీ మెమరీ ఉన్న ఆర్‌ఎక్స్ 580 కార్డులు ఆరు. నాలుగు జీబీవి తక్కువకు దొరికేవి గని, ఈథర్ అనే కాయిన్ మైనింగ్‌కు కార్డు మెమరీల పట్టాల్సిన డ్యాగ్ అనే ఫైలు 2020 డిసెంబర్‌లనే నాలుగు జీబీ హద్దుకు వచ్చింది, ఇగ అవి ఎందుకు? మిద్దె మీది రూముల ఇనుప ర్యాకుకు బిగించిన. అంత కలిపి వెయ్యి వాట్ల దాక గుంజేది, అంటే నెలకు 720 యూనిట్లు. మిషన్‌కు కరెంటు ఇచ్చే డబ్బా, అదే పవర్ సప్లై, మీద రెండు వేల వాట్లని రాసున్నది. సగం లోడే గద అని దాని మీద అనుమానమే రాలే.

మార్చిల మొదలైంది. సాయంత్రం ఏడు దాటినంక టక్కుమని ఆగేది. మళ్ల వేస్తే గంట నడిచి మళ్ల ఆగేది. ఎండలకు అనుకొని రెండు ఫ్యాన్లు తెచ్చి పెట్టిన. కార్డులు విప్పి వేడి లాగే పేస్టు మార్చిన. కార్డును మదర్‌బోర్డుకు కలిపే రైజర్లు మార్చిన. విండోస్ తీసి మైనింగ్ కోసమే ఉన్న హైవ్ ఓఎస్ వేసిన. అంతకుముందు విండోస్‌ల ఏమేం జరిగిందో రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్ పవర్ 41 అని వచ్చేది, ఆ 41ని పట్టుకొని మూడు రాత్రులు వీడియోలు చూసిన. 41 అంటే మిషన్ సక్కగ షట్‌డౌన్ కాకుండనే ఆగిపోయింది అని చెప్పుడే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. దానికి రిజిస్ట్రీల మందు ఉన్నదని చెప్పేటోళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కోపమొస్తది. ఇరవై నాలుగు గంటలు 230 ఓల్టులు నిలకడగ వచ్చే రూముల కూసొని చేసిన వీడియో మన పల్లె కరెంటుకు ఎట్ల పనికొస్తది?

ఎండే కారణమైతే మధ్యాహ్నం మూడింటికి ఆగాలె. అప్పుడు ఒక్కసారి గూడ ఆగలే. ఇది నాకు తట్టలే. ఒకరోజు వంటింట్లకెళ్లి మా అమ్మ అన్నది: "నీ మిషన్ బంద్ అయ్యే టైముకే మన మిక్సీ గొంతు గూడ మారుతుంది రా."

తెల్లారి నల్లగొండ పోయిన. క్లాక్ టవర్ కాడికి దగ్గర్లనే మోటర్ వైండింగ్ చేసే కాక ఒకాయన ఉన్నడు, మా బోరు మోటరు ఎప్పుడు కాలినా ఆయనే కడతడు. కంప్యూటర్ ముట్టింది లేదు, గని కరెంటు సంగతి ఆయనకు తెలిసినంత నేను చూసినోళ్లల్ల ఎవ్వరికీ తెల్వదు. సాయంత్రం మీటరు పట్టుకొని వచ్చిండు. "ఏం ముట్టకు, నడవని" అని చాయ తాగుకుంట కూసున్నడు. ఆరున్నరకు కింద మీటరు బోర్డు కాడ 208 ఓల్టులు చూపెట్టింది. ఏడుంబావుకు 191. మిషన్ నడుస్తుండంగనే పైకి పోయి, ఎక్స్‌టెన్షన్ బాక్సుల ఖాళీగ ఉన్న సాకెట్ల మీటరు పెట్టిండు. 176. పక్కన మిషన్ ప్లగ్గుకు మునిచెయ్యి తగిలించి వెంటనే తీసిండు.

"కింద 191, పైన 176. నడుమ పదిహేను ఓల్టులు ఎవడు తింటున్నడు బిడ్డా?"

మెయిన్ ఆపి బోర్డు విప్పిండు. కింది నుంచి వచ్చిన ఇరవై ఏండ్ల నాటి సన్న అల్యూమినియం వైరు, దానికి మెలితిప్పి కట్టిన రాగి వైరు, ఆ ముడి నల్లగ మాడిపోయి ఉన్నది. ప్లగ్గు పిన్ను ఊగులాడుతున్నది. తర్వాత టార్చ్ లైటు వేసి పవర్ సప్లై స్టిక్కరు చూపెట్టిండు: ఇన్‌పుట్ 180 నుంచి 240 ఓల్టులు. అన్ని ఓల్టులకు నడిచే మంచివి ఉంటయ్ గని, మైనింగ్ కోసమని చవకగ అమ్మేటియి చానా మటుకు ఇట్లనే ఉంటయ్. నాకు వాట్లు సరిపోయినయ్, ఓల్టులు సరిపోలే.

ఇక్కడ ఒక సంగతి మనసుల పెట్టుకోండి. ఓల్టేజీ పడితే ఫ్యాన్ నిదానమైతది, పాత బల్బు డిమ్ అయితది, అవి గుంజే కరెంటు గూడ తగ్గుతది. కంప్యూటర్ పవర్ సప్లై అట్ల కాదు. దానికి వెయ్యి వాట్లు కావాలంటే కావాల్నంతే. 230 కాడ నాలుగున్నర ఆంపులకు లోపట గుంజేది, 180 కాడ ఐదున్నర గుంజుతది. ముడి కాడ వేడి ఆంపులను ఆంపులతోనే గుణించిన లెక్కన పెరుగుతది గనుక ఆ ఒక్క ఆంపుకే ఒకటిన్నర రెట్లు దాటుతది. ముడి వేడెక్కి ఇంక వదులైతది, ఓల్టులు ఇంక పడుతయ్, మిషన్ ఇంక గుంజుతది. అందుకే మాది మార్చిల వారానికో రోజు ఆగితే ఏప్రిల్‌కు రోజూ ఆగుడు పట్టింది.

కింద 208 ఉన్నది 191 ఎందుకైంది అంటే, మా ట్రాన్స్‌ఫార్మర్ మీదనే బోర్లు గూడ ఉన్నయ్. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసెయ్యుమని సర్కారు చెప్పింది. చానా మంది తీయలే. కరెంటు పోయి వచ్చిందంటే మోటర్లన్నీ ఒక్కసారే లేస్తయ్, లేచేటప్పుడు ఒక్కొక్కటి మామూలు కంటే ఐదారు రెట్లు గుంజుతది. రైతును తప్పు పట్టుడు కాదు, మా నాయిన బోరుకు గూడ ఆటో స్టార్టరే ఉండె. తీపియ్యనీకె నాకు ఆయనతోని రెండు వారాలు పట్టింది.

మీటరు బోర్డు నుంచి నేరుగ రెండున్నర ఎంఎం రాగి వైరు వేరే గుంజిపిచ్చిన, దానికి వేరే ఎంసీబీ, 16 ఆంపుల సాకెట్, నడుమ మూడు కేవీఏ స్టెబిలైజర్. ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసి పారేసిన. ఆ తర్వాత కరెంటు పోతే తప్ప మిషన్ ఆగలే. అర్తింగ్ గూడ అప్పుడే చేపిచ్చిన. మన దిక్కు రాతి నేల, ఎండకాలం గుంతల బొగ్గు ఉప్పు ఉన్నా తడి లేకపోతే అర్తింగ్ లేనట్టే, వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయాలె.

ఇంకోటి మాత్రం తప్పకుండ చూడండి. రైజర్లకు కరెంటు ఏ వైరుతోని ఇచ్చిన్రు? హైదరాబాద్‌ల నేను కొన్న షాపాయన రైజర్‌తోటి సాటా (హార్డ్ డిస్కుకు కరెంటు ఇచ్చే కనెక్టరు) నుంచి ఆరు పిన్నులకు మార్చే వైరు ఇచ్చి "అందరు ఇదే వాడుతరు" అన్నడు. సాటా కనెక్టరు మోసేది 54 వాట్లు. రైజర్ స్లాట్ తొవ్వల కార్డు 75 వాట్ల దాక గుంజొచ్చు. కాక వచ్చిననాడే నా రెండో కార్డు కాడ ఆ కనెక్టరు పసుపు రంగుకు తిరిగి మెత్తబడి ఉండుట చూసినం. ఇల్లు అంటుకునే వస్తువును ఫ్రీగ ఇచ్చి పంపుతరు, ఇది నాకు ఎప్పటికీ మింగుడు పడదు. పవర్ సప్లై నుంచి నేరుగ వచ్చే ఆరు పిన్నుల వైరే పెట్టండి.

కరెంటు రాంగనే మిషన్ దానంతటదే లేచే సెట్టింగ్ బయాస్‌ల (మిషన్ వేయంగనే మొదలు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగులల్ల) ఉంటది. రోగం దొరికేదాక అది ఆపి ఉంచండి, లేకపోతే ఎన్నిసార్లు ఆగిందో మీకు తెల్వనే తెల్వదు. ఆగినంక స్విచ్ ఆపి నిమిషం ఆగి వేస్తే గని లేవకపోతే పవర్ సప్లై తనను తాను కాపాడుకున్నట్టు లెక్క.

నా మిషన్ సంగతంటరా, 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, సెప్టెంబర్ 15న ఈథర్ మైనింగే బంద్. నాలుగు కార్డులు అమ్మిన. రాగి లైను అట్లనే ఉన్నది.

మీరు ఒక నోటుబుక్కు పెట్టుకొని ఆగిన టైము నాలుగు రోజులు రాయండి. అదే టైముకు, మిషన్ నడుస్తుండంగ, మీటరు బోర్డు కాడ ఎన్ని ఓల్టులు, అదే బాక్సుల పక్క సాకెట్ కాడ ఎన్ని ఓల్టులు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోని చూపిచ్చుకోండి. పవర్ సప్లై స్టిక్కరు మీద ఇన్‌పుట్ ఎంత రాసున్నదో గూడ చూడండి. ఆ మూడు లెక్కలు ఇక్కడ పెడితే ఎక్కడ చూడాల్నో నేను చెప్త.