క్లినిక్‌లో ఆర్‌ఓ నీళ్లు వాడితే చాలా?

మీ ఆరేళ్ల పాపకు పాలపన్ను ట్రీట్‌మెంట్ ఉందని, క్లినిక్‌లో ఆర్‌ఓ నీళ్లే వాడతామన్నారని, అది చాలా అని అడిగారు. చాలదండి. నేను పళ్ల డాక్టర్ని. మొదట్లో నేనూ చాలనే అనుకున్నాను.

అప్పట్లో వేరేవాళ్ల క్లినిక్‌లో పనిచేసేదాన్ని. రోజూ పొద్దున్నే కుర్చీకున్న సీసాలో ఆర్‌ఓ నీళ్లు పోసేవాళ్లం. ఒకరోజు నీళ్లు కారుతున్నాయని మెకానిక్‌ను పిలిస్తే, పాత గొట్టం ముక్క కోసి పక్కన పడేశాడు. దాన్ని బ్లేడుతో చీల్చి లోపల వేలితో రుద్ది చూశాను. కడగని నీళ్ల తొట్టి గోడలా జిగట, వేలికి అంటుకుంది. ఆ పూటే ముగ్గురికి ఆ నీళ్లతో పళ్లు క్లీన్ చేశాను. రాత్రి అన్నం సయించలేదు.

సీసాలోంచి నోటి దాకా నీళ్లు తెచ్చే ఆ గొట్టాలు లోపల చాలా సన్నగా ఉంటాయి. రాత్రంతా, సెలవురోజంతా నీళ్లు కదలకుండా నిలిచిపోతాయి. పిసరంత బ్యాక్టీరియా చేరినా గోడకు పట్టుకుని పొర కడుతుంది, దాన్నే బయోఫిల్మ్ అంటారు. పైన ఎంత మంచి నీళ్లు పోసినా ఆ పొర మీదుగానే నోట్లోకి వస్తాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ మామూలు ట్రీట్‌మెంట్లకు పెట్టిన హద్దు మిల్లీలీటరు నీళ్లకు 500 కాలనీలు, అంటే ల్యాబ్‌లో పెంచితే కనిపించే బ్యాక్టీరియా గుంపులు. సర్జరీకైతే స్టెరైల్, అంటే సూక్ష్మజీవులేవీ లేని నీళ్లే వాడాలి.

2016లో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో ఒక పిల్లల క్లినిక్‌లో పల్పాటమీ చేయించుకున్న 71 మందికి అక్కడి నీళ్ల వల్ల మైకోబ్యాక్టీరియం ఆబ్సెసస్ అనే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ వచ్చింది. పల్పాటమీ అంటే పాలపన్ను లోపలి నరం పైభాగం తీసేయడం. కొందరికి దవడ ఎముక దాకా పాకి, ఇంకా రాని పర్మనెంట్ పళ్లు కూడా తీసేయాల్సి వచ్చింది. ఇలాంటివి చాలా అరుదు, టెన్షన్ పడి అపాయింట్‌మెంట్ మాత్రం మానుకోకండి. పుచ్చిన పన్ను వదిలేస్తే చీము పడుతుంది.

వెళ్లినప్పుడు గొట్టాలను ఏ మందుతో, ఎన్నాళ్లకోసారి శుభ్రం చేస్తారో, నీళ్లు ల్యాబ్‌లో ఎప్పుడు టెస్ట్ చేయించారో అడగండి. పాపకు నరం దాకా తెరవాల్సి వస్తే అక్కడ స్టెరైల్ సెలైన్‌తో కడగమనండి. పన్ను తొలిచే పరికరాన్ని, అంటే హ్యాండ్‌పీస్‌ను, నోట్లో పెట్టేముందు దాంట్లోంచి నీళ్లను ఇరవై, ముప్పై సెకన్లు బయటికి వదులుతున్నారేమో గమనించండి. అలా వదిలితే నిలవ నీళ్లు పోతాయి గానీ గోడకు పట్టిన పొర పోదు, అందుకే మందు సంగతి ముందు అడగమన్నాను. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. మా క్లినిక్‌లో ఎవరైనా అడిగితే టెస్ట్ రిపోర్టు తీసి చేతిలో పెడతాను.