బోరులో లావా పడుతుందా?

ప్రశ్న: మా పొలంలో వెయ్యి అడుగులు దింపినా చుక్క నీరు పడలేదు. ఇంకా దింపితే లావా పడుతుందని మా బావ ఎగతాళి చేస్తున్నాడు. భూమి పెంకు కింద అంతా లావానే కదా? పైగా దేశమే ఉత్తరానికి జరుగుతోందట, మరి మా గట్టు సంగతేంటి?
– ఒక రైతు, ఉరవకొండ

జవాబు: లావా పడదని మీ బావకు గట్టిగా చెప్పండి. వెయ్యి అడుగులంటే 300 మీటర్లే. రష్యాలోని కోలాలో 12,262 మీటర్లు తవ్వితే తగిలింది 180 డిగ్రీల వేడి రాయి. పెంకు దాటనే లేదు. దాని కిందున్న మాంటిల్ కూడా చాలావరకు గట్టి రాయే. వెయ్యి డిగ్రీలు దాటినా పైబరువు దాన్ని కరగనివ్వదు. కుక్కర్లో 120 డిగ్రీల దగ్గర కూడా నీళ్లు నీళ్లుగానే ఉంటాయి, వెయిట్ ఎత్తగానే బుస్సున ఆవిరౌతాయి గదా! రాయీ అంతే: ఒత్తిడి తగ్గితేనో, నీరో కార్బన్ డయాక్సైడో కలిస్తేనో కరుగుతుంది.

అలా కరిగి వచ్చిన రాయి మీ పక్కనే, వజ్రకరూరులో ఉంది. ఆ కింబర్లైటు సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట 150 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి వజ్రాలను మోసుకుంటూ ఎగదన్నుకొచ్చింది. నిదానంగా వచ్చుంటే వజ్రాలు దారిలోనే గ్రాఫైటుగా మారేవి. తొలకరికి చేలల్లో వెతికేవాళ్లకు పెన్సిలు ముల్లే దొరికేది!

గట్టు భయం వద్దు. ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున జరిగేది దేశాన్ని మోస్తున్న రాతి పలక మొత్తం. మీ గట్టూ పక్క చేని గట్టూ కలిసే పోతాయి.