కెమిస్ట్రీ వదిలేసి బాతిక్‌లోకి వెళ్లాలా?

ప్రశ్న: సార్, మాది పొందూరు దగ్గర పల్లె. శ్రీకాకుళంలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా పిన్ని చాలా ఏళ్లుగా ఇంటి దగ్గరే బాతిక్ (మైనం పెట్టిన చోట రంగు అంటకుండా నమూనా తేల్చే అద్దకం) చున్నీలు, స్టోల్స్ చేస్తోంది. మైనం పెట్టడం, రంగులో ముంచడం నాకూ వచ్చు. కిందటేడు బంధువుల ద్వారా కెనడాలో ఒక దుకాణానికి కొన్ని స్టోల్స్ పంపాం. ఉతికితే రంగు దిగుతోందని, ఒకే రంగని చెప్పి పంపినవి తలో ఛాయలో ఉన్నాయని వాళ్లు మళ్లీ ఆర్డరివ్వలేదు. ఫ్యాషన్ డిజైన్ చదివి, బాతిక్‌ని కొత్తగా చేసి విదేశాల్లో అమ్మాలని నా కోరిక. నాన్న ఎమ్మెస్సీ చెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ఆ దుకాణం వాళ్లు డిజైను బాగోలేదన్నారా? అనలేదు. రంగు దిగిందన్నారు, ఛాయలు కలవలేదన్నారు. రెండూ రంగుతొట్టి దగ్గర తేలాల్సిన సంగతులు. తొట్టిలో ఏం జరుగుతోందో తెలిసిన మనిషి మీ ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారు, అది నువ్వే. అందుకే కెమిస్ట్రీ వదలొద్దంటాను. నాన్నగారి మాట వినమని చెప్పడం కాదిది. బాతిక్ మీద ఆశ ఉంది కాబట్టే వదలొద్దంటున్నాను.

ల్యాబ్‌లో ఎనిలిన్‌ని డయజటైజ్ చేసి (అంటే డయజో సాల్ట్‌గా మార్చి), చల్లగా ఉంచి, బీటా నాఫ్తాల్‌లో పోస్తే ఎర్రటి రంగు వచ్చే ప్రయోగం చేసే ఉంటావు. మీ పిన్ని నాఫ్తాల్ రంగులు వాడుతుంటే ఆవిడ టబ్బులో జరిగేది అదే. ముందు బట్టని నాఫ్తాల్‌లో ముంచి, తర్వాత డయజో సాల్ట్ నీళ్లలో ముంచితే రంగు దారంలోనే పుడుతుంది. పారఫిన్ మైనం 50, 60 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి బాతిక్‌కి మరిగే తొట్టి పనికిరాదు. చల్లటి నీళ్లలో పట్టే రంగులే గతి: నాఫ్తాల్, కోల్డ్ రియాక్టివ్ రంగులు, నీలిమందు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నాఫ్తాల్ రంగులు అజో జాతివి. కొన్ని అజో రంగులు విడిపోయినప్పుడు క్యాన్సర్ తెచ్చే ఎమైన్లు అనే రసాయనాలు బయటపడతాయి. జర్మనీ 1994లో, మన దేశం 1997లో అలాంటి రంగుల్ని నిషేధించాయి. యూరోపియన్ యూనియన్‌లో ఇప్పుడు ఇలాంటి 22 ఎమైన్ల మీద ఆంక్ష ఉంది. కిలో బట్టలో ఏ ఒక్కటీ 30 మిల్లీగ్రాములు దాటకూడదు. బజారులో కాగితం పొట్లం కట్టి 'ఎరుపు', 'మెరూన్' అని ఇచ్చే పొడిలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. కంపెనీ పేరు, లాట్ నంబరు, డేటా షీటు లేని పొడిని ఎగుమతి సరుకు దగ్గరికి రానివ్వకు.

రంగు దిగడానికి కారణం మాత్రం సాధారణంగా ఇంతకంటే మామూలుది. రియాక్టివ్ రంగులో కొంత దారానికి అతుక్కుంటుంది, కొంత నీటితోనే కలిసి చెడిపోతుంది. చెడిన ఆ భాగాన్ని సబ్బు వేసిన వేడినీళ్లలో పూర్తిగా కడిగెయ్యాలి. మైనం తియ్యడానికి ఎలాగూ ఉడకబెడతాం కదా అని ఒక్క నీటితో సరిపెట్టేస్తే, మిగిలింది కొనుక్కున్నవాళ్ల వాషింగ్ మెషీన్‌లో దిగుతుంది. ఛాయలు తేడా రావడానికి ముఖ్య కారణం చెంచాతో కొలవడం. బట్ట బరువుకి ఎంత శాతం రంగు, ఎంత సోడా యాష్, ఎన్ని లీటర్ల నీళ్లు, ఎంతసేపు, ఆరోజు ఎండా ముసురా అన్నవి నోటుబుక్కులో రాసి, పక్కనే చిన్న బట్టముక్క అతికించు. బోరు నీళ్ల కాఠిన్యం కూడా చూడు. వేసవిలో ఒక ఛాయ, వానల్లో మరో ఛాయ వస్తోందని పిన్ని అంటూ ఉంటే దాని వెనక కారణం ఉండే ఉంటుంది, వెతుకు.

ఇక 'కొత్తగా చెయ్యడం' గురించి. పంతొమ్మిదో శతాబ్దంలో డచ్చివాళ్లు జావా బాతిక్‌ని మిషన్ల మీద అచ్చుగుద్ది జావాలోనే అమ్మబోయారు. అచ్చులో పగుళ్లలోకి రంగు దూరి పడిన గీతల్ని అక్కడివాళ్లు లోపమన్నారు. అదే బట్ట పశ్చిమాఫ్రికా చేరితే జనం ముచ్చటపడి కొన్నారు, ఇప్పటికీ కొంటున్నారు. పగులు అందమా లోపమా అన్నది కొనేవాడి ఇష్టం. ఉతికితే దిగే రంగుని మాత్రం ఏ దేశంలోనూ ఎవరూ ముచ్చటపడరు. అచ్చు బాతిక్‌తో ధరలో పోటీ నీవల్ల కాదు, ఎవరివల్లా కాదు. చేతిపని అని తెలిసేలా అమ్మాలి. ఇండోనేసియా బాతిక్‌ని 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది, కాబట్టి జావా నమూనాలు ఎత్తుకొచ్చి 'మాది' అంటే నవ్వుతారు.

నీ దగ్గరున్నది పొందూరు. కొండపత్తి, వాలుగ చేప దవడతో దూది ఏకడం, 100 కౌంటు దాకా పోయే సన్నటి నూలు. ఇంత పల్చటి బట్టలో మైనం రెండో వైపుకి చక్కగా దిగుతుంది, బాతిక్‌కి అంతకంటే ఏం కావాలి? ఖరీదైన గుడ్డ కాబట్టి మొదట జానెడు ముక్కల మీదే ప్రయోగాలు చెయ్యి. ఖాదీ మార్కు లేకుండా లేబుల్ మీద 'ఖాదీ' అని వేసుకోవడం కుదరదు, ఖాదీ కమిషన్ నిబంధన ఉంది. సీతంపేట సవర గిరిజనుల గోడబొమ్మలు కూడా నీకు మనసులో మెదులుతూ ఉండొచ్చు. అవి వాళ్ల పూజల్లోవి. వాళ్లతో కలిసి, వాళ్ల వాటా ఇచ్చి చేస్తే సరే, లేకపోతే ముట్టుకోకు.

చదువు సంగతి. ఫ్యాషన్ చదువుల జాతీయ సంస్థ నిఫ్ట్‌లో ఎం.డిజైన్‌కీ, మాస్టర్ ఆఫ్ ఫ్యాషన్ మేనేజ్‌మెంట్‌కీ ఏ డిగ్రీ ఉన్నా చాలు, రెండేళ్ల కోర్సులు. ఎం.ఎఫ్.టెక్ (ఫ్యాషన్ టెక్నాలజీ) మాత్రం ఇంజనీరింగ్ వాళ్లకి. ప్రవేశ పరీక్షని 2024 నుంచి జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెడుతోంది, మామూలుగా ఫిబ్రవరిలో ఉంటుంది. నీకు ఎం.డిజైన్ కంటే ఫ్యాషన్ మేనేజ్‌మెంటే నయం అంటాను. ఆర్డరు ఎలా వస్తుంది, ధర ఎలా కట్టాలి, కొనేవాడు ఏం అడుగుతాడు అన్నవి అక్కడ నేర్పుతారు. ఫీజు లక్షల్లో ఉంటుంది, అందుకే డిగ్రీ అవగానే పరిగెత్తొద్దు.

ముందు ఒక ఏడాది, రెండేళ్లు ఉద్యోగం చెయ్యి. బట్టల పరీక్షల ల్యాబ్‌లోనో, అద్దకం యూనిట్లోనో, దుస్తుల కంపెనీ క్వాలిటీ విభాగంలోనో. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో బ్రాండిక్స్ దుస్తుల తయారీ పార్కు ఉంది, అక్కడ వాకబు చెయ్యి. రంగు గట్టితనానికి 5 మార్కులకి ఎన్ని వేస్తారో, కొనేవాళ్లు 4 ఎందుకు అడుగుతారో జీతం తీసుకుంటూ నేర్చుకోవచ్చు. ఎమ్మెస్సీయే చేస్తానంటే ఆర్గానిక్ తీసుకుని, ప్రాజెక్టు రంగుల మీద పెట్టు. నాన్నగారితో గొడవ ఉండదు, నీ పనీ సాగుతుంది.

ఈలోగా పిన్నితో కలిసి రెండే రంగులు పట్టు. ఆరేడు కాదు, రెండే. పది తడవలు వేసినా ఒకే ఛాయ వస్తోందంటే ఒక ముక్కని కేంద్ర జౌళి శాఖ కింద ఉండే టెక్స్‌టైల్స్ కమిటీ ల్యాబ్‌కి పంపి అజో పరీక్ష, ఉతుకు పరీక్ష చేయించు. ఆ రిపోర్టు చేతికొచ్చాకే ఎగుమతి కాగితాల జోలికి వెళ్లు. ఎగుమతి చేసేవాళ్లకి కావలసిన ఐఈసీ కోడ్ ఆన్‌లైన్‌లో 500 రూపాయలకి వస్తుంది, చిన్న పార్సిళ్లకి తపాలా శాఖ వాళ్ల డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలున్నాయి. జీఎస్టీ సంగతి ఆడిటర్‌ని అడుగు.

ధర కట్టేటప్పుడు పిన్ని కూర్చున్న గంటలన్నీ లెక్కలోకి రావాలి, ఇంటి మనిషే కదా అని వదిలెయ్యకు. వాడేసిన రంగునీళ్లు ఎక్కడ పోస్తున్నారో కూడా చూసుకో. విదేశీ కొనుగోలుదారు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడు. ఊరివాళ్లయితే చెరువు రంగు మారిన రోజే అడుగుతారు.